కాకి ఒప్పుకోని నెయ్యి

పోయిన మనిషినీ, ఆయన తరఫున భోంచేయడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషుల్నీ, చివరికి గోడ మీద వాలిన కాకినీ ఒకే పూట అవమానించిన వంటవాడు ఈ గోదావరి జిల్లాల్లో ఎవడైనా ఉన్నాడా అంటే, ఉన్నాడండి. మీ ముందు కూర్చుని చెబుతున్నవాడే. ఆ పూట జరిగిన ఘోరం పూర్తిగా చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. మండపేట చుట్టుపక్కల ఊళ్లలో వ్రతాలకీ తద్దినాలకీ వంట చేసేవాణ్ణి. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. దేవుడికి పెట్టేదైనా, పితృదేవతలకి పెట్టేదైనా మనం ముందు రుచి చూడకూడదు. చూస్తే ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలియాలి? వాసనని బట్టే. నేను పులుసు మీద మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి, "చిటికెడు తగ్గిందండి" అంటే తగ్గినట్టే. "సుబ్బారావుగారి ముక్కు ముక్కు కాదండి, త్రాసు" అనేవారు జనం. ఆ మాటకి నేను ఎంత ఉబ్బిపోయేవాడినంటే, ఊరికే వీధిలో నడుస్తూ కూడా ఎవరింట్లో ఏ కూరకి ఏం తక్కువైందో అడక్కుండానే చెప్పేవాణ్ణి.

శ్రావణమాసంలో ఒకరింట్లో వ్రతం వంట. పెరట్లో గంజి నేనే వార్చాను, నేనే పారబోశాను, ఆ గంజి మీద నేనే కాలేశాను. వెల్లకిలా పడితే తల వెనక భాగం నూతి చుట్టూ కట్టిన పళ్లేనికి ఠంగున తగిలింది. ఓ నిమిషం పాటు నేనెవరో, ఆ నుయ్యి ఎవరిదో తెలియలేదు. లేచి కూర్చుని, "పులిహోరలో పోపు పడిందా?" అని అడిగానట.

రాజమండ్రి తీసుకెళ్లి తలకి స్కాను తీయించారు. డాక్టరుగారు చాలా నెమ్మదిగా చెప్పారు. "లోపల రక్తం గడ్డకట్టలేదు. చిన్న దెబ్బే. కాకపోతే కొన్ని వారాలు తలనొప్పి, కళ్లు తిరగడం, మతిమరుపు, చిరాకు ఉండొచ్చు. పొయ్యి దగ్గరికి వెళ్లకుండా నెల రోజులు విశ్రాంతిగా ఉండండి. ఇంకేం తేడా కనిపించినా వచ్చి నాకు చెప్పండి."

నేను "చిన్న దెబ్బే" అన్న దగ్గర వినడం మానేశాను.

పదో రోజునే గరిటె పట్టాను. అప్పుడు మొదలైందండి అసలు సంబరం. గిన్నె మీద మూత పడితే ఆ చప్పుడు తలలో పావుగంట తిరిగేది, అందుకని చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఎవరైనా "సుబ్బారావుగారూ, వడ్డించమంటారా?" అంటే "ఉప్పేశానండి" అని జవాబు చెప్పేవాణ్ణి. పొయ్యి మంట చూస్తే కళ్లు పోట్లు పొడిచేవి. నల్లకళ్లద్దాలు పెట్టుకుని పంచెకట్టుతో పొయ్యి ముందు కూర్చుంటే ఒక పెద్దాయన, "ఏంటండోయ్, ఈ పూట మాకు వంట ఉందా, మ్యాట్నీయా?" అన్నాడు. మతిమరుపుకి కూడా ఒక ఉపాయం కనిపెట్టాను. ఉప్పు వేసిన గిన్నె మూతకి పసుపు బొట్టు పెట్టడం. బొట్టు పెట్టేవాణ్ణి గానీ, అది ఎందుకు పెట్టానో మర్చిపోయేవాణ్ణి. ఒకరోజు బొట్టు అందంగా ఉందని మిగిలిన గిన్నెలకి కూడా పెట్టాను.

ఇవన్నీ మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి. తగ్గనిది ఒకటే. దెబ్బ తగిలిన నాలుగో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు మూతి దగ్గర పెట్టుకుంటే వేడినీళ్లు తాగుతున్నట్టుంది. పడిశం అనుకున్నాను. వారం గడిచింది. ఇంగువ డబ్బా మూత తీసి మొహం అందులో పెట్టినా ఏమీ లేదు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకూడదంటారు గానీ, నా విషయంలో ఆ ముడి పడనే పడింది. తగిలింది తల వెనక, పోయింది మొహం మీదున్న ముక్కు.

డాక్టరుగారికి చెప్పానా? చెప్పలేదు. చెబితే అది ఊరికి తెలుస్తుంది. వాసన తెలియని వంటవాణ్ణి తద్దినానికి ఎవరు పిలుస్తారు? మా ఆవిడ రామలక్ష్మికి కూడా చెప్పలేదు. అబద్ధమెందుకు, నాకు చాలా భయమేసింది. నాకు వచ్చిన విద్య అదొక్కటే. అది లేకపోతే నేనెవర్నో నాకే తెలియదు.

కాబట్టి నాటకం మొదలుపెట్టాను. వంటింట్లోకి ఎవరొచ్చినా మూత తీసి, "ఏదీ, వాసన చూసి ఏం తక్కువైందో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టేవాణ్ణి. "ఉప్పు తక్కువేమో అండి" అనేవారు భయం భయంగా. "భేష్, కనిపెట్టారే" అని ఉప్పు వేసేవాణ్ణి. అలా రెండు నెలలు పరుల ముక్కులతో సంసారం ఈడ్చుకొచ్చాను.

ఆశ్వయుజంలో ముసురు పట్టిన రోజు. పక్క ఊళ్లో కామేశ్వరమ్మగారింట్లో సంవత్సరీకం. ఆవిడ భర్త రిటైరైన లెక్కల మాస్టారు, పోయి ఏడాది. కొడుకు మూర్తిగారు కర్త. ఆవిడ తెల్లారకుండానే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "నాయనా, పరవాన్నం బాగా చెయ్యి. ఆయనకి షుగరు. చివరి రోజుల్లో కాస్త పరవాన్నం పెట్టవే అని అడిగారు. డాక్టరు వద్దన్నాడని నేను పెట్టలేదు. నాలుగో రోజుకి పోయారు" అంది. ఏడాదిగా ఆవిడ తిండి సరిగ్గా తినడం లేదని మూర్తిగారు నాతో చెప్పారు.

"మీరేం బెంగ పెట్టుకోకండి. ఈ పూట ఆయన తృప్తిగా తింటారు" అన్నాను. ఆ గొంతులో ధీమా వింటే నన్ను నేనే నమ్మేవాణ్ణి.

కట్టెలు తడిసి ఉన్నాయి. పొయ్యి రాజదు. చిన్న ఇత్తడి చెంబుతో కిరసనాయిలు తెచ్చి కట్టెల మీద పోశాను. ఇల్లంతా పొగ. ఆ చెంబు పక్కన పెట్టాను. పక్కనే నెయ్యి కోసం కడిగి ఉంచిన చెంబు, అదే సైజు, అదే ఇత్తడి. తర్వాత నెయ్యి కరిగించి ఏ చెంబులో పోశానో, ఇంత కథ విన్నాక మీకు నేను చెప్పక్కర్లేదు. ముక్కున్నవాడైతే చెంబు ఎత్తగానే దించేసేవాడు. నేను నిండా పోసి మూత కూడా పెట్టాను.

పితృదేవతల స్థానంలో భోంచేసే భోక్తలిద్దరూ కూర్చున్నారు. తద్దినం భోజనంలో ఒక నియమం ఉంది. వంట బాగుందని అనకూడదు, బాగులేదనీ అనకూడదు. అసలు మాట్లాడకూడదు. పెట్టింది తినాలంతే. నేను నెయ్యి ధారాళంగా వడ్డించాను. మొదటి ముద్దకే ఒకాయన నావైపు అదోలా చూశాడు. రెండో ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ ఎక్కువైందనుకుని కిటికీ తెరిచి, ఇంకో గరిటె నెయ్యి వేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మొహమాటపడుతున్నాడని అరచేతి పక్కనుంచి వేశాను. చివర్లో కర్త "తృప్తి అయిందా?" అని అడగాలి, భోక్తలు "అయింది" అనాలి. మూర్తిగారు అడిగారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అయింది" అన్నారు.

పిండాలయ్యాక, అన్నంలో పరవాన్నం, గారె, నెయ్యి కలిపిన ముద్దని కాకి కోసం పెరటి గోడ మీద పెట్టారు. కాకి ముడితే పోయినవారు తృప్తిపడ్డట్టు. ఒక కాకి వచ్చింది. ముక్కుతో ఒక్క పోటు పొడిచి, తల విదిలించి, ముక్కుని గోడకి ఇటూ అటూ రాసి ఎగిరిపోయింది. దాన్ని చూసి రెండోది దిగనే లేదు.

"ఏదో తీరని కోరిక ఉందండి" అన్నాడు పురోహితుడు. "ఏంటో అడిగి మాటివ్వండి."

మూర్తిగారు చేతులు జోడించారు. "నాన్నగారూ, అమ్మని నేనే చూసుకుంటాను." కాకి రాలేదు. "తమ్ముడితో మాట్లాడతాను." రాలేదు. "కొబ్బరితోట అమ్మను." రాలేదు. "సిగరెట్లు మానేస్తాను."

"నువ్వు సిగరెట్లు కాలుస్తావా?" అంది కామేశ్వరమ్మగారు. అని, అక్కడే తడి నేల మీద కూలబడిపోయింది. "మీరెవరూ మాటలివ్వక్కర్లేదు. ఆయన కోపం నా మీద. అడిగినప్పుడు పెట్టలేదు. ఇప్పుడు పెడితే తింటారా?"

అంతలో గిన్నెలు కడగడానికి వచ్చిన రామలక్ష్మి నేతి చెంబు తీసి మొహం తిప్పేసుకుంది. "ఏవండీ, నేతిలో ఈ కిరసనాయిలు కంపేంటి? మీకు రాలేదా?"

నోరు మూసుకుని చెంబు తోమించేస్తే సరిపోయేది. నా ముక్కు గుట్టు నాలోనే ఉండేది. పెరట్లో ఆవిడ మాత్రం బతికున్నన్నాళ్లూ భర్త తనని క్షమించలేదనే అనుకునేది. చేతిలో ఉన్న అరిటాకులు పక్కన పెట్టాను. వెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాను.

"అమ్మా, తప్పు మాస్టారిది కాదు, మీదీ కాదు. నేతిలో కిరసనాయిలు కలిసింది. నాకు రెండు నెలలుగా వాసన తెలియడం లేదు. దాచాను."

ఆవిడ నా తల నిమిరింది. "నన్ను ఓదార్చడానికి అంటున్నావు నాయనా. నీ ముక్కు సంగతి ఎవరికి తెలియదు?"

చూశారా, నిజం చెబితే నమ్మనంత పేరు సంపాదించుకున్నాను. ఇక రుజువు చేసుకోవాల్సి వచ్చింది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక్కొక్కటే తెచ్చి ముక్కు కింద పెట్టింది. "ఇదేంటి?" "తెలియదండి." "ఇదో?" "ఏమీ లేదండి." ఇంగువట, కర్పూరమట, ఆఖరికి ఆ నేతి చెంబేనట. పురోహితుడికి ఇంకా అనుమానమే. తన డబ్బాలోంచి ముక్కుపొడుం చిటికెడు తీసి కూరాడు. ఎనిమిది తుమ్ములొచ్చాయి గానీ వాసన రాలేదు.

అప్పుడు భోక్తల్లో పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, "మొదటి ముద్దకే తెలిసిందమ్మా. నియమం అడ్డొచ్చింది. కాకికి ఆ అడ్డం లేదు" అన్నాడు.

కామేశ్వరమ్మగారు లేచి లోపలికి వెళ్లింది. వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో, గుప్పెడు బియ్యంతో తనే పరవాన్నం చేసి తెచ్చి గోడ మీద పెట్టింది. కాకి వచ్చి, ఆగకుండా మొత్తం తినేసింది. ఆవిడ గోడ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో బరువు దిగిన మనిషి కనిపించింది. ఆ మధ్యాహ్నం ఆవిడ విస్తరి ముందు కూర్చుని కడుపునిండా తిందని మూర్తిగారు తర్వాత చెప్పారు.

మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. వాసన తెచ్చే సన్నని నరాలు దెబ్బకి తెగి ఉంటాయని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పారు. "ముందే చెప్పినా దీనికి మందు లేదు గానీ, మంటల దగ్గరా కిరసనాయిలు దగ్గరా జాగ్రత్త చెప్పేవాణ్ణి" అన్నారు. అది తిరిగి రాలేదు. ఇప్పటికీ మా ఆవిడ పొయ్యి పక్కన కూర్చుని వాసన చూసి చెబుతుంది, నేను ఉప్పు వేస్తాను.

ఆ రోజు ఇంటికొస్తుంటే కాలువ గట్టు పొడుగునా రామలక్ష్మి నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ నా వంటకి వంక పెట్టని పూట లేదు. ఈ రెండు నెలలూ ఏం పెట్టినా బాగుందన్నారు" అంది చివరికి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "దెబ్బ తగిలాక నా మీద ప్రేమ పుట్టిందనుకున్నానండి."

కాబట్టి అగ్నిహోత్రం సాక్షిగా, పితృదేవతల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ఏ భాగం పని చేయడం మానేసినా, ఆ సంగతి కాకి బయటపెట్టేలోగా మా ఆవిడకి నేనే చెబుతాను.