కొలంబోలో నేను, సిద్దిపేటలో షట్టర్

చేనేత ఎగ్జిబిషన్ కోసం కొలంబో వచ్చి ఆరు రోజులైంది. హోటల్లో నెట్ లేదు. ఎదురుగా ఉన్న షాపులో కాఫీ తాగితే వైఫై పాస్‌వర్డ్ ఇస్తారు. రోజూ సాయంత్రం ఆరింటికి నా భార్య సుజాత సిద్దిపేటలో ఖలీల్ భాయ్ నెట్ సెంటర్‌కు వెళ్లి వీడియో కాల్‌లో కనిపిస్తుంది.

ఈ రోజు ఏడైనా రాలేదు. తెర మీద నా ముఖం ఒక్కటే ఉంది. మూడో కాఫీ కూడా చల్లారాక, రోమింగ్ అయినా సరే అని ఫోన్ చేశాను.

“తెలంగాణ బంద్ గదా! నెట్ సెంటర్ షట్టర్ దింపిచ్చిన్రు” అంది.

“జర పది నిమిషాలు ఆగుమని అడుగకపోయినవా?”

“పోయిన బంద్‌కు నువ్వు ఆగినవా?”

ఆగలేదు. ఆ రోజు ఉద్యమ మిత్రులతో కలిసి వెళ్లి షట్టర్ దించింది నేనే. “జర ఆగున్రి అన్నా, లోపల ఒక చెల్లె దుబాయ్‌ల ఉన్న పెనిమిటితోని మాట్లాడుతుంది” అని ఖలీల్ భాయ్ బతిమాలాడు. “తెలంగాణ వచ్చినంక మాట్లాడుకోమను” అన్నాను. అందరం నవ్వాం.

బంద్ తప్పని ఇప్పుడూ అనను. కానీ ఆ చెల్లెలెవరో మీలో ఎవరికైనా తెలిస్తే, ఆ రోజు దుబాయ్‌లో ఆయన తెర ముందు ఎంతసేపు కూర్చున్నాడో అడిగి చెప్పండి.