జానెడు పక్కకు జరిగిన టీవీ

బస్సు గోదావరి వంతెన మీద ఉండగా ఫోన్ మోగింది. ఒళ్లో జావ గిన్నె పెట్టుకుని భద్రాచలం దవాఖానాకు పోతున్నాను. ఫోన్‌లో మా ఆయన. "బాబాయి పోయిండే" అన్నాడు. తర్వాత "జల్దీ రా" అని కూడా అన్నాడు. ఇంకా జల్దీ దేనికో ఆయనకే తెలియాలి. గిన్నె వేడి చీర మీదుగా తొడలకు తగులుతూనే ఉంది. నేను ఏడవడం మరిచిపోయి, జావ ఒలకకుండా మూత సరిచేసుకుంటూ కూర్చున్నాను.

బాబాయి మా నాన్న తమ్ముడు. బొగ్గు బాయిలో పైకప్పు రాయి మీదపడి నాన్న పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. అమ్మ అప్పటికే లేదు. ఆ సాయంత్రమే బాబాయి నన్ను భుజాన వేసుకుని తన క్వార్టర్‌కు తీసుకుపోయాడు. పిల్లలు లేని ఆయనా పిన్నీ కలిసి నన్ను పెంచి, చదివించి, టీచర్‌ని చేశారు. పిన్ని పోయాక ఆయన పినపాకలో మా ఇంటికొచ్చి ఉన్నాడు. చివరి రోజుల్లో ఆయన్ను నేనే చూసుకున్నానని అందరూ అంటున్నారు. ఎంత బాగా చూసుకున్నానో నాకు తెలుసు. ఆ సంగతి దాచుకోలేకే ఇది రాస్తున్నాను.

మీలో బాయి పని ఎరిగినవాళ్లుంటే ఈ నాలుగు మాటలూ దాటేయండి. బాబాయి టింబర్‌మన్. మిగతావాళ్లు పనిలోకి దిగకముందే పోయి, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మనిషి. ఆ పనిలో మొట్టమొదటిది తట్టి చూడటం. ఒక చేత్తో కర్ర పట్టుకుని కప్పును తడతారు, రెండో చేతి వేళ్లు రాతికి ఆనించి ఉంచుతారు. గట్టి రాయి ఖంగుమంటుంది, వేళ్లకు ఏమీ తెలియదు. లోపల విడిపోయిన రాయైతే బోలుగా పలుకుతుంది, వేళ్ల కింద వణుకుతుంది. దాన్నే డొల్ల అంటారు. "చెవి ఒక్కోసారి తప్పు చెప్తది బిడ్డా. చెయ్యి చెప్పదు" అనేవాడు బాబాయి. నాన్న పోయిన షిఫ్టులో ఆయన లేడు. "నేనుంటే తట్టి చూసేటోన్ని" అని ఒకే ఒక్కసారి అన్నాడు, నా పెళ్లి రోజున. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక నేల పైన ఉన్న ప్రపంచాన్ని కూడా ఆయన తట్టకుండా నమ్మలేదు. కుండలు తట్టేవాడు, తలుపులు తట్టేవాడు, కొత్త ఇంటికి పోతే కూర్చోకముందే గోడలు తట్టేవాడు. నా పెళ్లి మాటలకు మా అత్తగారింటికి పోయినప్పుడూ అదే పని. వాళ్లు మంచినీళ్లిస్తుంటే ఈయన గోడ పొడుగునా తట్టుకుంటూ పోయి, రెండో చెయ్యి ఆనించి, తల ఊపి, "ఇల్లు గట్టిది. పిల్లనిస్తం" అన్నాడట. పిల్లవాణ్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. మా ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతాడు. ఆయన పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. అక్కడ నెత్తిన కప్పే ఉండదు, తట్టడం ఆయనకేం తెలుస్తుంది!

బాబాయి రిటైరయ్యేనాటికి బ్లాస్టింగులూ మిషన్లూ కలిసి ఆయన చెవులు తినేశాయి. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. చెవికి మిషన్ పెట్టిస్తే రెండు రోజులుంచుకుని, "లోపల ఈగలు ముసిరినట్టున్నది" అని తీసి బిస్కెట్ డబ్బాలో పడేశాడు. చర్చిలో ముందు బెంచీ వదిలేసి, డోలక్ వాయించే మూలకు మారాడు. "అయ్యగారి ఎదురుంగ కూసుంటే మాటలన్న అర్థమైతయి గదా" అని సైగలు కలిపి గొడవపడ్డాను. "గక్కడ బాగుంటది" అన్నాడు. అంతే. బాబాయితో వాదించడమంటే గోడతో వాదించడమే అనుకునేదాన్ని అప్పట్లో.

రెండేళ్ల కింద మేం సొంత ఇల్లు కట్టుకున్నాం. హాలు గోడ వెడల్పుగా ఉంది, దానికి తగ్గట్టు పెద్ద టీవీ బిగించాలని నా మోజు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, క్వార్టర్‌లో చిన్న టీవీని పది ఇళ్ల పిల్లలం కిటికీలోంచి చూసిన బతుకు. న్యూస్‌పేపర్లు అతికించి అరవై అయిదు ఇంచుల కొలతకు కత్తిరించి, గోడకు నట్టనడుమ అంటించి, వారం రోజులు ఎదురుగా కూర్చుని చూసుకున్నాను. మా ఆయన "ఇదే బాగుంది, కరెంటు గూడ కాలదు" అని ఆటపట్టించాడు. బాబాయి వచ్చి ఆ పేపర్ల మీదనే తట్టి పోయాడు.

టీవీ కొనడానికి ఖమ్మం పోతుంటే "నేనొస్త" అని తయారయ్యాడు. ఉతికిన చొక్కా, తలకు నూనె. షాపులో ఒక గోడ నిండా టీవీలే. జలపాతాలు, చిలుకలు, చెర్రీ పండు మీద నీటిచుక్క. నాకు కళ్లు తిరిగాయి. అన్నింటికంటే పలచటిది ఒకటి ఉంది, అచ్చం అద్దం పలకలా. నా మనసు దాని మీద పడింది. బాబాయి మాత్రం ఒక్క బొమ్మా చూడలేదు. స్టాండు మీదున్న ఒక్కో టీవీ వెనక్కి పోయి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పెద్దాయనా, బొమ్మ ముందర ఉంటది" అన్నాడు షాపతను.

బాబాయికి వినపడలేదు. చేత్తో సైగ చేసి, ఊరందరికీ వినపడేలా "సౌండ్ పెట్టు!" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు మరి. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. షాపతను నవ్వు ఆపుకుంటూ సౌండ్ పెట్టాడు. నా పలచటి టీవీ వెనక చెయ్యి పెట్టి, "ఇది వద్దు. పలుకుతలేదు" అన్నాడు. చివరికి మూలనున్న ఒక మోటు టీవీ దగ్గర ఆగాడు. వెనకంతా ఉబ్బుగా ఉంది దానికి. కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడి "ఇదే" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. వినపడని మనిషి సౌండ్ పెట్టించి టీవీ ఎంచడం ఎక్కడైనా ఉందా? కానీ జీవితంలో నన్ను ఏదీ అడగని మనిషి. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. మోటుదే కొన్నాం.

అసలు యుద్ధం బిగించేరోజు. బిగించే అతను గోడకు నట్టనడుమ పెన్సిల్ గీత పెట్టాడు. బాబాయి అతన్ని పక్కకు తప్పించి, నా సంచిలోంచి సుద్దముక్క తీసుకుని, గోడ తట్టుకుంటూ గీత గీశాడు. ఎడమపక్కంతా గట్టి, కుడిపక్క కొంత మేర డొల్ల. అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. టీవీని ఎడమకు జానెడు జరపాలన్నాడు.

"డొల్లను పగలగొట్టి మళ్ల చేయించి, నడుమనే పెడ్దాం బాబాయ్" అని చేతులు తిప్పి చెప్పాను.

"వద్దు. దాన్ని ముట్టుకోవద్దు. డొల్ల అంటె చెడిపోయిందని కాదు బిడ్డా."

"అందరు నవ్వుతరు. పరువు పోతది!"

"పోతే పోనీ. టీవీ పడకుంటె చాలు."

అలా మా టీవీ జానెడు పక్కకు జరిగింది. ఆ డొల్ల పక్కనే గోడవారగా తన స్టూలు వేసుకున్నాడు బాబాయి. టీవీకి ఎదురుగా కాదు, పక్కవాటుగా. అక్కణ్నుంచి బొమ్మ సరిగ్గా కనపడదు కూడా. రోజూ సాయంత్రం గోడకు అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. టీవీ పడుతుందేమోనని కాపలా కాస్తున్నాడనుకున్నాం. బాయి మనిషి గదా, భయం పోలేదనుకున్నాం. పగిలిన చేతులకు పూటపూటా కొబ్బరినూనె రాసుకునే అలవాటు ఆయనకు. గోడ మీద అరచేతి మరక పడింది. తుడవలేక దానికీ సణిగాను.

ఇంటికొచ్చిన ప్రతి మనిషీ అడిగేవాళ్లు, "టీవీ గట్ల పక్కకు పోయిందేంది?" అని. ఒకరోజు మా ఇంట్లో చర్చి ఆడవాళ్ల ప్రార్థన అయింది. నలుగురూ అదే మాట అడిగి, అదే నవ్వు నవ్విపోయారు. నా ఒళ్లు మండిపోయింది. వంటింట్లో గిన్నెలు విసురుతూ మా ఆయనతో అన్నాను, "వినపడని మనిషి! ఈ ఇంట్ల టీవీ యాడుండాల్నో ఆయన చెప్పుడేంది? ఆయనకు అది మూగబొమ్మనే గదా!"

తిరిగి చూస్తే గుమ్మంలో బాబాయి. చేతిలో అందరూ తాగిన టీ గ్లాసులు. నా పెదాలు చూశాడో లేదో నాకు తెలియదు. గ్లాసులు తొట్టిలో పెట్టి, పోయి స్టూలు మీద కూర్చుని గోడకు చెయ్యి ఆనించాడు.

నేను క్షమించమని అడగలేదు. ఎలా అడగను, వినపడాలంటే అరవాలి, అరిచి అడిగే మాటేనా అది? సిగ్గుతో ఆయనతో మాట్లాడటమే తగ్గించాను. అన్నం పెట్టాను, మందులిచ్చాను, చొక్కాలు ఉతికాను. ఎదురుగా కూర్చుని మాత్రం నాలుగు మాటలు చెప్పలేదు. నన్ను భుజాన మోసిన మనిషిని దాదాపు రెండేళ్లు నిశ్శబ్దంలో కూర్చోబెట్టానన్న బాధ నాకు లోపల ఉండనే ఉంది.

దవాఖానాలో చివరిసారి నాతో అన్నది ఒకటే. "ఆదివారం లోపల ఇంటికి తోల్కపో బిడ్డా." చర్చికి కాబోలు అనుకుని, "అట్లనే బాబాయ్" అని తల ఊపాను. ఆదివారానికి ముందే మట్టిలో పెట్టాం.

జ్ఞాపకార్థ కూడికకు ఇల్లు శుభ్రం చేద్దామని ఒక ఆదివారం రంగులేసే అతన్ని పిలిచాం. అతను గోడ తట్టి, "మేడమ్, ఈడ డొల్లగున్నది. పగలగొట్టి మళ్ల చేస్త" అన్నాడు. మంచిదే అన్నాను. టీవీలో ఆదివారం వచ్చే క్రైస్తవ పాటలు మా ఆయన పెట్టుకున్నాడు. ముందు ఆ నూనె మరక తీసేద్దామని తడిబట్ట తెచ్చి, స్టూలు మీద కూర్చుని, ఊతంగా ఒక చెయ్యి మరక మీద పెట్టాను.

అరచేతి కింద గోడ వణికింది.

చెయ్యి తీసేశాను. మళ్లీ పెట్టాను. ధిం, ధిం, తకధిం. సన్నగా, లోపల్నుంచి. "టీవీ ఆపు" అన్నాను. మా ఆయన కంగారుగా ఆపాడు. గోడ ఊరుకుంది. "పెట్టు." పెట్టాడు. డోలక్ నా చేతిలోకి వచ్చింది. చెయ్యి జరిపి గట్టి గోడ మీద పెడితే ఏమీ లేదు. డొల్ల మీద పెడితే పాట ఉంది.

అప్పుడు ఒక్కొక్కటే తెలిసొచ్చింది. చర్చిలో డోలక్ మూల. షాపులో కళ్లు మూసుకుని నిలబడటం. ముట్టుకోవద్దన్న డొల్ల. మూగబొమ్మ అన్నాను నేను, నోరు పడిపోను! ఆయన రెండేళ్లూ నా ఇంట్లో పాటలు వింటూ కూర్చున్నాడు. నేనే ఆయనకేదీ వినపడదనుకుని, చెప్పాల్సిన మాట చెప్పకుండా దాచుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. వంతెన మీద రానిదంతా ఆ స్టూలు మీద వచ్చింది.

"పగలగొట్టుడు వద్దు" అన్నాను రంగులతనితో. "మరి మరక మేడమ్?" అన్నాడు. మా ఆయన చెప్పాడు, "దాని సుట్టూ వెయ్యి తమ్మీ." అతను చిన్న బ్రష్ తీసుకుని, ఒక్కో వేలి చుట్టూ జాగ్రత్తగా వేశాడు. ఇప్పుడు ఆ గోడంతా లేత పసుపు. జానెడు పక్కకు జరిగిన టీవీ, దాని కుడిపక్కన నూనె రంగులో అయిదు వేళ్లు. వచ్చినవాళ్లు టీవీ సంగతి అడగడం మానేశారు.

సాయంత్రాలు నేను ఆ స్టూలు మీద కూర్చుంటున్నాను, పక్కవాటుగానే. నా చెయ్యి పెడితే బాబాయి చేతి మరక సగమే నిండుతుంది. "సౌండ్ పెంచాల్నా?" అంటాడు మా ఆయన. పెంచమంటాను. నిన్న మాత్రం పాటలు మొదలవకముందే గోడ దగ్గరకు వంగి, ఆ అరచేతి మధ్యలో నోరు పెట్టి, ఎప్పుడో అడగాల్సిన ఆ ఒక్క మాటా మెల్లగా అడిగాను.

నా గొంతుకు గోడ వణికింది.