బండకు చెవి పెట్టే పెద్దాయన

మా ఆయన పోయాక సినిమాల్లో గుంపులో నిలబడే పనికి వెళ్లేదాన్ని. అక్కడే ఉండేవాడు ఆ పెద్దాయన. రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చేవాడు. ఏ రాతిగోడ కనబడినా వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి వినేవాడు. వయసులో ఉండగా ఈ జూబ్లీ హిల్స్ గుట్టల మీద బండలు కొట్టినవాడు మరి. మోగే తీరును బట్టి రాయి ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు.

ఒకరోజు షూటింగ్‌లో, షావుకారు వేషం వేసిన హీరో ఒక్క సమ్మెట దెబ్బకు థర్మాకోల్ బండను పగలగొట్టాలి. మేమంతా చప్పట్లు కొట్టాలి.

"ఈ షావుకారు డబ్బు పెట్టకముందు జూబ్లీ హిల్స్‌లో నరమానవుడు లేడు. అంతా ఆయనొక్కడే కట్టాడు. అది మీ మొహాల్లో కనబడాలి," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

"ఎవ్వలు లేకుంటే నేనేడున్న సారూ? నా పిల్లలు గీ బండల మీదనే పుట్టిండ్రు," అన్నాడు పెద్దాయన.

"సినిమా తాతా ఇది!"

"బయట గూడ గదే చెప్తున్నరు గద. పైసలు పెట్టిండు, కాదంటలేను. పైసలు జూసి బండ పగుల్తదా? చెయ్యి పడితెనే పగుల్తది."

"చప్పట్లు కొడతావా, రేపటి నుంచి మానేస్తావా?"

మిగతా అందరం కొట్టాం. పని పోతుందని నేనూ కొట్టాను. ఆయన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ ఆయన్ని పిలవలేదు.

ఇప్పుడు నేను జూబ్లీ హిల్స్‌లో వంటకు పోతున్నాను. ఫలానా సారు కట్టిన ఇల్లని ఎవరైనా చూపిస్తే, ముందు ఆ గోడను కణుపులతో రెండుసార్లు కొడతాను.

"ఏందమ్మా, గోడ గొడ్తున్నవ్?" అంటాడు వాచ్‌మన్.

"కట్టినాయన్ని పలకరిస్తున్న తమ్మీ," అంటాను.