కడిగిన మాల్టు

జయరాంకి ముక్కు మీద కోపం. బుకిట్ పంజాంగ్‌లో వాళ్ల బ్లాకంతా ఎరిగిన సంగతే. ఏసీలు బాగుచేసే మనిషి. పగలంతా పరాయి ఇళ్లు చల్లబరిచి, సాయంత్రం సొంత ఇంటిని వేడెక్కిస్తాడు. ఆయన ముత్తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చాడట. ఈ కోపం కూడా ఆ ఓడలోంచే దిగి ఉంటుందంటుంది భార్య చాముండేశ్వరి.

కూతురు యోగిత చైనీస్ అబ్బాయిని చేసుకుంటానంటే ఆయన కిక్కురుమనలేదు. కోపం రేగింది కాబోయే వియ్యంకుడు లిమ్ మాటకి. జయరాం కొన్నేళ్లుగా ఇంట్లోనే బీరు కాస్తున్నాడు. మొలకెత్తించిన బార్లీతో చేసి డబ్బాలో అమ్మే మాల్టు పాకాన్ని నీళ్లలో కలిపి, ఈస్టు వేసి మూత పెట్టడం, అంతే. లిమ్ ఒక గుక్క తాగి, "డబ్బా తెరిచి కలపడమేగా. పాలలో మైలో పొడి కలిపినట్టే" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది జయరాంకి. "పెళ్లి విందులో గింజల నుంచి కాచిన బీరు పోస్తాను, చూసుకో" అనేశాడు. పదిమంది ముందు అన్న మాట. తప్పితే వియ్యంకుడి ముందు తలెత్తుకోలేడు.

విరగ్గొట్టిన బార్లీ మాల్టు తెచ్చాడు. శుభ్రంగా కడిగాడు. మరగని వేడినీళ్లలో పోసి, గింజలోని తీపి నీళ్లలోకి దిగాలని కాచుకు కూచున్నాడు. దిగిందల్లా బియ్యం కడిగిన నీళ్లలాంటి చప్పిడి రసం.

"మూత ఎందుకు తీశావు?" అంటూ చాముండేశ్వరి మీద ఒంటికాలి మీద లేచాడు.

"నేను ఆ పక్కకే రాలేదండీ."

"రాకుండానే చల్లారిందా? నీ చెయ్యి పడితే ఏదీ బాగుపడదు."

రెండోసారీ చప్పిడే. ఈసారి పక్కన దోసెల పిండి పులియబెట్టిందన్నది ఆవిడ నేరం. ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారనైనా చూడకుండా అరిచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఒక పెద్దావిడ గొణిగింది. చాముండేశ్వరి పిండి గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి వంటింట్లో ఆయనతో మాట్లాడడం మానేసింది.

మూడోసారికి లిమ్ తనే వచ్చాడు, చూద్దామని. జయరాం సింకు దగ్గర నిలబడి మాల్టు కడుగుతున్నాడు. ఆ ఇంట్లో ఏ గింజైనా కడగందే పొయ్యెక్కదు. నీళ్లు తేటపడేదాకా కడగమని వాళ్లమ్మ నేర్పింది.

"అయ్యో జయరాం," అన్నాడు లిమ్, ఎగతాళి ఏమీ లేకుండా. "బీరంతా సింకులో పోస్తున్నావు కదా."

జయరాం చేతులు ఆగిపోయాయి. తెల్లగా పోతున్నది మురికి కాదు. విరిగిన గింజల పిండి, తీపి కావలసిన సత్తువంతా అదే. గుమ్మంలో చాముండేశ్వరి నిలబడి ఉంది. ఎవరి మీదైనా అరుద్దామని నోరు తెరిచాడు. ఎవరూ దొరకలేదు.

సంచిలో మిగిలిన మాల్టుని కడక్కుండా వేడినీళ్లలో పోశారు. వియ్యంకులిద్దరూ గరిట అందుకున్నారు. రసం తేనెరంగులో తియ్యగా దిగింది.

పెళ్లికి ముందు వారం రుచి చూడడానికి లిమ్ మళ్లీ వచ్చాడు. జయరాం మొదటి సీసా తెరిచి, గ్లాసులో పోసి, అందరికంటే ముందు చాముండేశ్వరికి ఇచ్చాడు. ఆవిడ తాగదని ఆయనకి తెలుసు. క్షమించమనడం చేతకాక అలా ఇచ్చాడు.

ఆవిడ గ్లాసు అందుకుంది. నురగ వంక చూసింది. వంటింట్లోకి నడిచి సింకులో ఒంపేసింది. కుళాయి తిప్పి గ్లాసు తీరిగ్గా కడిగి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"రెండుసార్లు మీరు పారబోసి నన్నన్నారు. ఇది నేను పారబోశాను. ఇప్పుడు అనండి."

లిమ్ నేల చూపులు చూస్తున్నాడు. జయరాం ఆ తడి గ్లాసు బల్ల మీద పెట్టి, రెండో సీసా అందుకున్నాడు.