సత్తెవ్వ కొత్త మోకాలు

మొన్న వాన పడుతున్న ఒక ఉదయం కామారెడ్డిలో బస్సెక్కాను. నా ముందు సీట్లో కూర్చున్నామె ఒడిలో తడిసిన గోనెసంచి ఉంది. కిటికీలన్నీ మూసి ఉండటంతో దానిలోని వాసన కాసేపటికి బస్సంతా నిండింది. నానబెట్టిన తునికాకు వాసన అది. బీడీలు చుట్టే ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. నాలాగా బయటినుంచి వెళ్లినవాళ్లకు మాత్రం ఒకసారి ముక్కుకు పట్టిందంటే మరిచిపోవటం ఉండదు. ఎండుగడ్డినీ తడిమట్టినీ కలిపినట్టు కొంచెం వగరుగా ఉంటుంది. ఆ వాసన తగలగానే ఎల్లారెడ్డిలో ఒక ఇంటి వరండా, అందులో కూర్చున్న సత్తెవ్వ నాకు గుర్తుకొచ్చారు. నేను ఫిజియోథెరపిస్టుని. చదువు హైదరాబాదులో అయింది కానీ, ఈ పని ఎలా చెయ్యాలో నేను నేర్చుకున్నది చాలావరకు సత్తెవ్వ దగ్గరే.

2011లో నేను కామారెడ్డిలో ఒక ఎముకల డాక్టరు దగ్గర కొత్తగా చేరాను. ఇరవై నాలుగేళ్లుంటాయి నాకు. ఒకరోజు ఎల్లారెడ్డి నుంచి సుజాత అనే ఆమె ఫోన్ చేసింది. "మేడం, మా అత్తమ్మకు మోకాలు మార్పిచ్చే ఆపరేషన్ ఉంది. ముందుగాలనే వచ్చి కసరత్తు నేర్పుతరా?" అంది. ఆపరేషన్ అయిపోయి, మోకాలు కర్రలా బిగుసుకున్నాక పిలిచేవాళ్లే తప్ప ముందు పిలిచినవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు. మర్నాడే లింగంపేట మీదుగా గంటకు పైగా బస్సులో వెళ్లాను. పెంకుటిల్లు. వరండాలో అయిదారుగురు ఆడవాళ్లు కింద కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మధ్యలో సత్తెవ్వ. అరవై రెండేళ్ల మనిషి, పదేళ్ల వయసు నుంచీ అదే పని. ఆ వాడలో సగం మంది ఆడవాళ్లకు బీడీ చుట్టటం నేర్పింది ఆమే. కుడి మోకాలు విల్లులా బయటికి వంగిపోయింది. లేవాలంటే ఒక చేత్తో స్తంభం పట్టుకోవాలి, ఇంకో చెయ్యి కోడలు సుజాత పట్టుకోవాలి. మరుగుదొడ్డి పెరట్లో ఉంది. అంతదూరం నడవలేక, ఎంత దాహమైనా పొద్దు వాలాక నీళ్లు తాగటం మానేసిందని సుజాత మెల్లగా చెప్పింది.

ఇంట్లో చెయ్యాల్సిన మార్పులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. తీరా చూస్తే అన్నీ అయిపోయాయి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. గది పక్కనే కుర్చీలాంటి మరుగుదొడ్డి కట్టించారు. కాలికి తగిలే చాపలూ గోనెపట్టాలూ తీసేశారు. ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగాను.

"దోమకొండల మా చుట్టాలామె చేపిచ్చుకున్నది. పోయి ఒక దినమంత ఆమె పక్కన కూసున్న" అంది సత్తెవ్వ. "ఎట్ల లేస్తున్నది, ఎట్ల పంటున్నది, స్నానం ఎట్ల చేస్తున్నది, అంత చూసిన. డాక్టరు చెప్పేది డాక్టరు చెప్తడు బిడ్డా. పడ్డోళ్లు చెప్పేది వేరే ఉంటది."

నడవటానికి పట్టుకునే వాకర్ కూడా ఆపరేషన్‌కు ముందే తెప్పించమంది. "నొప్పిల కొత్తది నేర్చుకునుడు కష్టమైతది. ఇప్పటినుంచే దానితోని దోస్తానా చేస్త" అని. తొడ కండను బిగించి అయిదు లెక్కపెట్టే వ్యాయామం నేర్పితే, దాన్ని తన లెక్కలోకి మార్చుకుంది. బీడీల కట్టకు ఇరవై అయిదు. నేను వెళ్లగానే "నిన్న నాలుగు కట్టలు చేసిన" అనేది. వంద సార్లన్నమాట. అంత శ్రద్ధ నేను పరీక్షలకు చదివినప్పుడు కూడా పెట్టలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు ఆమె ఒక మాట అడిగింది. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. "బిడ్డా, ఆపరేషన్ అయినంక కింద కూసుండొస్తదా? దోమకొండామె మొదటికెంచి కుర్సీల కూసునే మనిషి. ఆమెను అడిగినా ఎరుక లేదన్నది." పక్కనున్న ఆడవాళ్లు తలలెత్తి నావైపు చూశారు. నాకు జవాబు తెలుసు. సర్జన్ తన చీటీలోనే రాశాడు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవటం ఇక కుదరదని. ఆమె కొడుకుకూ తెలుసు. కానీ ఆ వరండాను చూస్తూ ఆ మాట చెప్పటానికి నాకు నోరు రాలేదు. చెబితే ఆపరేషనే వద్దంటుందేమోనని భయం. "ముందు ఆపరేషన్ కానీ అవ్వా. తర్వాత చూద్దాం" అన్నాను. ఆమె సరేనని తల ఊపింది. తెలివిగా తప్పించుకున్నాననుకున్నాను.

దసరా వెళ్లాక హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ఆరో రోజున ఇంటికి తీసుకొచ్చారు. వాకర్‌తో ముందే దోస్తానా చేసుకున్నది కాబట్టి గుమ్మం తనే దాటింది. నొప్పి బాగానే ఉండేది. మోకాలు వంచేటప్పుడు చీర కొంగు నోట్లో పెట్టుకుని కొరికేది, కానీ ఆపమనేది కాదు. కొత్త మోకాలికి 'కొత్త కోడలు' అని పేరు పెట్టింది. "కొత్త కోడలును తిట్టొద్దు, ఉత్తగ కూసోనియ్యొద్దు" అంటుంటే సుజాత వంటింట్లోంచి "నన్ను మాత్రం రెండూ చేసినవు గదత్తమ్మా" అనేది. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే నేను తీసేసేదాన్ని, అలా పెడితే కాలు పూర్తిగా చాపటానికి రాదని. నెల తిరిగేసరికి చేతికర్రతో వాకిట్లో నడుస్తోంది. నా మొదటి గొప్ప కేసు అని లోలోపల మురిసిపోతున్నాను.

ఆరు వారాలకు హైదరాబాదు వెళ్లి చూపించుకుని వచ్చారు. ఆ తర్వాత నేను వెళ్లేసరికి సత్తెవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కింద కూర్చోవచ్చా అని ఆమె సర్జన్‌నే అడిగిందట. ఎప్పటికీ కూర్చోకూడదని ఆయన చెప్పాడట. "మోకాలు మంచిగనే ఉన్నది. నువ్వు పో బిడ్డా" అంది. ఆ రోజే కాదు, తర్వాత మూడుసార్లు వెళ్లినా అదే మాట. వ్యాయామం ఆగిపోయి మోకాలు బిగుసుకోవటం మొదలైంది. బతిమాలాను, భయపెట్టాను, ఎంత వంగటం తగ్గిందో కొలిచి చూపించాను. ఆమె నావైపు తిరగనైనా తిరగలేదు.

ఆ తర్వాతిసారి వెళ్లినప్పుడు సంచిలోంచి ఏమీ తియ్యలేదు. మంచం పక్కన కింద కూర్చున్నాను. "అవ్వా, నువ్వు అడిగిననాడే నాకు తెలుసు. చెప్తే ఆపరేషన్ వద్దంటవని భయపడి చెప్పలేదు" అన్నాను.

ఆమె మెల్లగా ఇటు తిరిగింది.

"వద్దని ఎందుకంటుంటి? మంచినీళ్లు తాగుటానికి భయపడ్డదాన్ని నేను" అంది. "నువ్వు చెప్తే రెండు దినాలు ఏడుస్తుంటి. మూడోనాడు లేసి పోయి చేపిచ్చుకుంటుంటి. ఆ ఏడుపేందో అప్పుడే అయిపోతుండె. ఇప్పుడు పచ్చి పుండు మీద ఏడ్వవడితి. ఆ రెండు దినాలు నువ్వు నాకియ్యలేదు బిడ్డా."

గొంతులో కోపం లేదు. కోపగించుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది. "తప్పయింది అవ్వా" అన్నాను. ఆమె లేచి కూర్చుని, "అయితే ఇప్పుడు చెప్పు. ఏమేమి రాదు, ఏమేమి వస్తది?" అంది. అన్నీ చెప్పాను. నేల మీద కూర్చోవటం రాదు, గొంతుకూర్చోవటం రాదు, బరువులు మొయ్యకూడదు. మెట్లెక్కటం వస్తుంది, బస్సెక్కటం వస్తుంది, ఎంత దూరమైనా నడక వస్తుంది. ఆమె ఒక్కొక్కదానికీ వేలు ముడుస్తూ వింది. చివరికి, "సరే. రేపు రాకు, ఎల్లుండి రాకు. ఆవలెల్లుండి రా" అంది.

అది ఎందుకో అప్పుడు నాకు అర్థమైంది. ఆ రెండు రోజులూ ఫోన్ కూడా చెయ్యలేదు. మూడోరోజు వెళ్లేసరికి కళ్లు ఉబ్బి ఉన్నాయి, తల దువ్వుకుని ఉంది, కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి పెట్టుకుంది. "పట్టు. వంచు" అంది. పోయిన వంగుబాటు తిరిగి రావటానికి నెల పట్టింది. ఆ నెలంతా ఆమె ఒక్క రోజు కూడా కట్ట లెక్క తప్పలేదు.

కుర్చీలో కూర్చుని మళ్లీ బీడీలు చుట్టటం మొదలుపెట్టింది కానీ, అందరూ కింద, తనొక్కతే పైన. "దొరసాని లెక్క కూసున్న. వీళ్ల ముచ్చట్లు నాకు అందుతలేవు" అని గొణిగేది. కొన్నాళ్లకు వడ్రంగిని పిలిపించి పొడుగాటి బల్ల ఒకటి చేయించింది. ఎంత ఎత్తుండాలో నన్నే కొలవమంది. పక్కింటి రాజవ్వకూ మోకాళ్ల నొప్పులే. మొదట సిగ్గుపడింది, తర్వాత వచ్చి బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. మరునెల ఇంకొకామె. 2013లో నేను చూసేనాటికి ఆ వరండాలో రెండు బల్లలున్నాయి. మోకాళ్లు నిక్షేపంగా ఉన్న చిన్న వయసు వాళ్లు కూడా కాసేపు పైన, కాసేపు కింద కూర్చుంటున్నారు. ముచ్చట్లు అందరికీ అందుతున్నాయి.

ఆ మరుసటి ఏడు నేను కామారెడ్డిలోనే ఒక గది తీసుకుని సొంతంగా ఫిజియోథెరపీ మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం సత్తెవ్వ చెప్పాపెట్టకుండా డబ్బా నిండా మక్క గారెలతో వచ్చింది. వెంట ఎవరూ లేరు. బస్సు ఎలా ఎక్కావని అడిగితే, "ఎక్కేటప్పుడు పాత కోడలు ముందు, దిగేటప్పుడు కొత్త కోడలు ముందు. నువ్వు చెప్పినదే గద" అంటూ ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడి మోకాలు తట్టి చూపించింది. తిరిగి వెళ్లేముందు చెంబెడు నీళ్లడిగి గటగటా తాగింది. గంటకు పైగా బస్సు ప్రయాణం ఉందన్న ఆలోచనే ఆమెకు లేదు. నాకొచ్చింది. ఆ సంతోషం ఆమెకు చెప్పలేదు కానీ, ఆ రోజంతా నాతోనే ఉంది.

సత్తెవ్వ ఇప్పుడు లేదు. చివరిదాకా తన బస్సు తనే ఎక్కిందని సుజాత చెప్పింది. మా దగ్గరికి ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే చాలామంది వస్తున్నారు. పోయిన నెలలో పోచారం వైపునుంచి ఒక రైతు వచ్చాడు. గొంతుకూర్చుని బర్రె పాలు పిండటం వస్తుందా అని అడిగాడు. రాదని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ వెంటనే ధైర్యం చెప్పబోయి ఆగాను. కాసేపు కూర్చుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఫోన్ చేసి ఒప్పించమని మా దగ్గర పనిచేసే అమ్మాయి అంది. వద్దన్నాను. నాలుగో రోజు ఉదయం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పాలు పిండటానికి పీట ఎంత ఎత్తుండాలో అడిగాడు. టేపు తీసి కొలిచాను.