ఇంపోఫు గుహలో నీళ్లు చల్లిందెవరు

మా మేనత్త దుదుజిలే నోరు మంచిది కాదని మతోబో కొండలన్నిటికీ తెలుసు. ఊరు ఆమెను పుట్టింటి పేరు న్యోనికి ముందు 'మా' చేర్చి మాన్యోని అని మర్యాదగా పిలుస్తుంది. ఆమె మాత్రం ఎవరినీ మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు. మొగుడు పోయాక ఇరవై తొమ్మిదేళ్లపాటు ఇంపోఫు గుహకు కాపలా కాసింది. పురావస్తు శాఖవాళ్లు ఇచ్చిన ఖాకీ కోటును మండుటెండలో కూడా విప్పేది కాదు.

ఆ గుహ గోడ మీద ఎర్రరంగుతో వేసిన ఇంపోఫుల మంద ఉంది. ఇంపోఫు అంటే మనుబోతు కంటే పెద్ద జంతువు, మెడ కింద ఎద్దుకు ఉన్నట్టు గంగడోలు వేలాడుతుంది. వాటి వెనక విల్లులు పట్టుకుని పరుగెత్తే మనుషులు. మా తాతలు ఈ కొండలకు రాకముందే ఎవరో వేసి వెళ్లిపోయారు. సెప్టెంబరు వస్తే వాన అడగడానికి మా ఊరు ఊరంతా చెప్పులు విప్పి ఆ గుహ దగ్గరికి ఎక్కుతుంది.

నేను ఆమె తమ్ముడి కొడుకును, పేరు బెకి. పర్యాటకుల జీపు నడుపుతాను. పొద్దున పార్కులో ఖడ్గమృగాలను చూపించి, మధ్యాహ్నం వాళ్లను అత్త దగ్గరికి తెస్తాను. ఖడ్గమృగం ముందు బెదరనివాళ్లు కూడా అత్త ముందు బెదిరేవారు. "బూట్లు విప్పండి! లోపలికి పోయే ముందు చప్పట్లు కొట్టండి! ఇది మీ హోటలు కాదు, ఇంకొకళ్లిల్లు!" అని అరిచేది. ఆమెకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ తిట్టడానికే సరిపోయేవి.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఫినియాస్. ఫినియాస్ పశువుల కాపరి, నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై మూడేళ్ల కిందట గోడ మీద తెల్లటి పొర లేచింది. శాఖ పంపిన ఒక పరిశోధకురాలు భూతద్దం పెట్టి చూసి, ఎవరో ఏళ్ల తరబడి నీళ్లు చల్లారని, రాతిలో ఉప్పు పైకి వచ్చి రంగును తినేస్తోందని చెప్పింది. చల్లింది ఫినియాస్ అని అత్త చెప్పింది. ఊరిపెద్ద అతని దగ్గర ఒక మేకను జరిమానాగా తీసుకుని, ఇక కొండ ఎక్కొద్దన్నాడు. అప్పటినుంచి అతను నీళ్ల ఫినియాస్ అయ్యాడు. అతని పెళ్లిలో పెద్దలు కూడా ఆ పేరుతోనే పిలిచారు.

కిందటి ఆగస్టులో శాఖవాళ్లు లారీలో వచ్చి కొండ మొదట్లో ఒక రేకు బోర్డు పాతారు. "పశువుల కాపరులు నీళ్లు చల్లిన కారణంగా ప్రాచీన చిత్రాలు దెబ్బతిన్నవి. గ్రామస్తులకు ప్రవేశం లేదు. టికెట్టు గల పర్యాటకులకు మాత్రమే అనుమతి" అని దాని మీద రాసి ఉంది. దాని పక్కనే కంచెకు ఇనుప స్తంభాలు దింపారు. నెలలోగా కొండ చుట్టూ కంచె వేస్తారట. అది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇది రాస్తున్నప్పుడూ మండుతోంది. నిన్న విమానం దిగినవాడికి దారి ఉంది. ఆ గుహ ముందు నిలబడి వాన అడిగే మా అమ్మకు లేదు.

అత్త కోపం మాత్రం బోర్డు మీదికి పోలేదు. ఆవులను తోలుకుపోతున్న ఫినియాస్ మీద ఒంటికాలి మీద లేచింది.

"చూశావా నీ నిర్వాకం! ఊరు మొత్తానికీ దారి మూయించావు గదరా!"

"నేను కొండెక్కి ఇరవై మూడేళ్లయింది మాన్యోనీ," అన్నాడు ఫినియాస్. "కిందనుంచి ఉమ్మితే అంత పైకి పోయిందంటావా?"

ఆవుల వెనకాల ఉన్నవాళ్లంతా నవ్వారు. అత్త నవ్వలేదు.

తర్వాతి వారం నా జీపులో ఇన్‌గ్రిడ్ అనే తెల్లామె వచ్చింది. జుట్టంతా నెరిసింది. కుర్రతనంలో ఒకసారి ఇక్కడికి వచ్చిందట, మళ్లీ చూడాలని వచ్చానంది. గుహలోకి వెళ్లి గోడను చూడగానే ఆమె మొహం చిన్నబోయింది. సంచిలోంచి పాత ఫొటో ఒకటి తీసి నాకూ అత్తకూ చూపించింది. ఫొటోలో ఇంపోఫులు ఇప్పుడే వేసినట్టు ఎర్రగా మెరుస్తున్నాయి. గోడ నిండా నీళ్లు కారుతున్నాయి. డబ్బాతో నీళ్లు విసురుతున్న సన్నటి ఆడమనిషి ఖాకీ కోటులో ఉంది. పక్కన టోపీ పెట్టుకున్న శాఖ మనిషి బిందె పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఇది మీరే కదూ!" అంది ఇన్‌గ్రిడ్ సంబరంగా. "మీరు నీళ్లు కొట్టగానే జంతువులు గోడలోంచి లేచి వచ్చాయి! ఈసారి కూడా కొంచెం చల్లరూ?"

నేను ఆ మాట అత్తకు మా భాషలో చెప్పాను. చెప్పక్కర్లేదు, ఆమెకు అర్థమైంది. "దీన్ని జీపెక్కించు," అంది నాతో. ఇన్‌గ్రిడ్ తాను తప్పు మాట్లాడానేమో అనుకుని, ఫొటోను అత్త చేతిలో పెట్టి దిగిపోయింది.

ఇన్‌గ్రిడ్‌ను హోటల్లో దించి నేరుగా అత్త ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది.

"అత్తా, గోడ తడిపింది నువ్వా?"

"ఫొటో చూశావుగా. కళ్లు లేవా?"

"ఎందుకు తడిపావు?"

"ఉద్యోగంరా అది! మొదటిరోజే కోటు ఇచ్చారు, డబ్బా ఇచ్చారు. 'ఎండిన గోడకు ఫొటోలు సరిగా రావు, దొరలొస్తే తడుపు' అని ఆ టోపీవాడు నేర్పాడు. రోజుకు మూడుసార్లు చొప్పున ఆరేళ్లు తడిపాను. ఎంత మెరిసేవో తెలుసా? చూసినవాళ్లు ఆ అని నోళ్లు తెరిచేవాళ్లు. వాటికి నేనే ప్రాణం పోస్తున్నానని మురిసిపోయేదాన్ని."

"మరి ఫినియాస్ ఏం చేశాడు?"

అత్త కాయలు ఒలవడం ఆపింది. "ఆ భూతద్దం పిల్ల గోడ దగ్గర కూలబడి ఏడ్చింది. టోపీవాడు నా వంక చూసి, 'ఇది పశువుల కాపరుల పనే అయ్యుంటుంది, కదా మాన్యోనీ?' అన్నాడు. అవునన్నాను. 'ఏ కాపరి?' అంది ఆ పిల్ల. అప్పుడు కొండ కింద ఫినియాస్ ఆవుల్ని తోలుకుపోతున్నాడు."

"అంతేనా? కళ్లకు కనబడ్డాడని పేరు చెప్పావా?"

"అంతే."

నేను పెద్దామె అని కూడా చూడకుండా అరిచాను. ఒక కోటు కోసం మనిషి పేరునే మార్చేశావన్నాను. ఆమె కూడా తగ్గలేదు. "అరుచుకో, అరుచుకో! నీకు మేనత్తే దొరికింది. ఆ టోపీవాడి మీద అరవడానికి గొంతు లేవదు!" అంది. ఇద్దరి మీదా అరుస్తానన్నాను. తప్పు చేశానన్న బాధ లోపల ఉండబట్టే ఆమె ఫినియాస్‌ను అన్నేళ్లు తిట్టిందని మా ఆవిడ అంటుంది. ఉండి ఉండొచ్చు. బాధ అత్తది, తిట్లు మాత్రం ఫినియాస్‌కు. అందుకు నేనెప్పటికీ ఒప్పుకోను.

మర్నాడు తెల్లవారగానే అత్త కోటు వేసుకుని వచ్చి జీపులో కూర్చుంది. "బులవాయో పోనియ్," అంది. ఆ పట్నంలో శాఖ ఆఫీసు వరండాలో పాత అధికారుల ఫొటోలు అద్దాల చట్రాల్లో వేలాడుతున్నాయి. అందులో టోపీవాడు కూడా ఉన్నాడు, సంస్కృతిని కాపాడినవాడట. అత్త అక్కడ ఒక్క నిమిషం ఆగి, లోపలికి నడిచింది.

లోపల ఉన్న కొత్త అధికారి చదువుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. ఫైలు తెప్పించి చూశాడు.

"ఇక్కడ మీ సంతకమే ఉంది గదమ్మా. కాపరి చల్లాడని మీరే చెప్పారు."

"అబద్ధం చెప్పాను. నేను చల్లాను. చల్లమన్నవాడు మీ వరండాలో ఉన్నాడు."

"ఈ ఫైలు మూసేశారమ్మా."

"తెరువు."

"నేను తెరవలేను, హరారే పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు రావాలి."

"అయితే బోర్డయినా తీసెయ్."

"బోర్డు ఫైలును బట్టి పెట్టిందేగా." అతను ఫొటోను వెలుతురుకు పట్టుకుని చూశాడు. "అబ్బ, రంగులెంత బాగా వచ్చాయి! కొత్త కరపత్రం వేస్తున్నాం, దీన్ని ఒకసారి స్కాన్ చేసుకోనా?"

అత్త ఆ ఫొటోను అతని చేతిలోంచి లాక్కుంది. అతను గొంతు తగ్గించాడు. "వచ్చే ఏడు మీకు పింఛను వస్తుంది. ఇప్పుడు ఇదంతా మీకెందుకమ్మా?" అన్నాడు. మంచికే చెప్పాడు. ఈ దేశంలో ఇలా మంచికి చెప్పేవాళ్లకు కొదవ లేదు.

 తిరిగి ఊళ్లోకి రాగానే అత్త జీపును ఫినియాస్ దొడ్డి దగ్గర ఆపమంది. అతను దూడ ఒంటి మీది పిడుదులు ఏరుతున్నాడు.

"ఫినియాస్, ఆ నీళ్లు నువ్వు చల్లలేదు. నేనే చల్లాను," అంది.

అతను తల ఎత్తలేదు. "ఈ సంగతి నాకు చెప్పడానికొచ్చావా? నేను చల్లలేదని నాకు తెలియదా ఏం? తెలియనివాళ్లకు పోయి చెప్పు."

అత్తకు తల కొట్టేసినట్టయింది. తిట్టడానికి నోరు తెరిచి, మూసుకుంది. అలా మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆదివారం జనం చర్చి నుంచి ఇళ్లకు వెళ్లే దారి బోర్డు పక్కనుంచే. ఆ సమయానికి అత్త రెండు గిన్నెలతో అక్కడికి వచ్చింది. మా ఆడవాళ్లు ఎండాకాలంలో గోడలకు పూసే రంగులు అవి. ఒకదాంట్లో బూడిద కలిపిన తెల్లమట్టి, ఇంకోదాంట్లో బొగ్గునలుపు. అరచేత్తో బోర్డంతా తెలుపు పూసింది. అది ఆరేదాకా పక్కనే నిలబడింది. తర్వాత వేలితో నల్లగా, బండంత అక్షరాలు రాసింది: "నీళ్లు చల్లింది నేను. ఫినియాస్ కాదు. చల్లమన్నది శాఖ. దుదుజిలే న్యోని."

జనం గుమిగూడారు. చదువు రానివాళ్ల కోసం మా అమ్మ పైకి చదివింది. "అయితే ఇకనుంచి నీళ్ల దుదుజిలే అనాలన్నమాట!" అని ఎవరో వెనకనుంచి అన్నారు. అత్త వెనక్కి తిరగలేదు. ఫినియాస్ చేతులు కట్టుకుని మొత్తం చదివాడు.

"ఇంటిపేరు కూడా రాయి," అన్నాడు. "ఈ ఊళ్లో ఇద్దరు ఫినియాస్‌లున్నారు."

అత్త వేలు నలుపులో ముంచి, ఇరుకులో పట్టించి, త్షుమ అని రాసింది.

కంచెకు గుంతలు తవ్వడానికి ఒప్పుకున్న మా ఊరి మగవాళ్లు మర్నాడు ఒక్కరూ పనిలోకి పోలేదు. స్తంభాలు ఎండలో అలాగే పడి ఉన్నాయి. సెప్టెంబరు ఆఖరున ఊరు ఎప్పటిలాగే చెప్పులు విప్పి కొండెక్కింది. ఈసారి ఫినియాస్ కూడా ఎక్కాడు. గుహలోకి వెళ్లి చాలాసేపు గోడను వెతికాడు. తెల్లపొర కింద ఒక వీపు గీత, రెండు కాళ్లు, ఇంకేవో మరకలు కనబడ్డాయి.

"చల్లింది నేనే అయినా బాగుండేది," అన్నాడు నాతో. "కనీసం ఆ మెరుపు చూసుండేవాణ్ణి."

అత్త పక్కనే ఉంది. ఆ మాట విన్నది. ఆమె ఏడుస్తుంటే ఓదార్చడానికి నాకు మనసు రాలేదు, ఫినియాస్‌కూ రాలేదు.

శాఖ ఊరుకోలేదు. కోటు వెనక్కి తీసుకుంది, పింఛను ఆపింది, కేసు పెట్టింది. ప్రభుత్వ ఆస్తి అయిన సూచిక బోర్డును ఉద్దేశపూర్వకంగా పాడుచేయుట అని. అక్టోబరులో కోర్టు పిలిచింది. మా ఊరివాళ్లు బస్సు నిండా వచ్చారు. మేజిస్ట్రేటు కళ్లజోడు సర్దుకుని ఆ ఆరోపణ చదివాడు. ఫొటోను మా లాయరు ఇవ్వబోతే, కేసుకు సంబంధం లేదని పక్కన పెట్టించాడు.

"పాడుచేశానని ఒప్పుకుంటున్నారా?" అని అడిగాడు.

"దేన్నయ్యా?" అంది అత్త.

"బోర్డునమ్మా."

"బోర్డును పాడుచేశాను. గోడనూ పాడుచేశాను. రెండూ ఒప్పుకుంటున్నాను."

"గోడ సంగతి ఈ కేసులో లేదు."

"అదే నేనడుగుతున్నా. ఎందుకు లేదు?"

మేజిస్ట్రేటు శాఖ అధికారి వంక చూశాడు. అధికారి ఫైల్లోకి చూశాడు. కూర్చోమని కోర్టు బంట్రోతు అత్తకు రెండుసార్లు చెప్పాడు. ఆమె కూర్చోలేదు.