మామయ్యగారి బొటనవేలు

మా మామగారు నోరు తెరిస్తే ఇల్లంతా నవ్వులే. కెమెరా కనబడిందంటే మాత్రం కొయ్యబారిపోతారు. చేతులు మోకాళ్ళమీద, చూపు నేరుగా లెన్స్‌లోకి, ఊపిరి లోపలే. ఎప్పుడో స్టూడియోవాడు "కదలకండి" అన్నమాటను ఆయన ఇప్పటికీ పాటిస్తున్నారు. డ్రెస్డెన్‌లో మా దగ్గరున్న మూడు నెలల్లో నేను తీసిన ఫోటోలన్నీ వీసా ఫారానికి అతికించేవాటిలా ఉన్నాయి.

"ఏవండీ, గురువారం తిరుగు ఫ్లైట్. ఒక్క ఫోటోలోనైనా మా నాన్న మా నాన్నలా ఉండాలి," అంది మా ఆవిడ.

నాకప్పుడు కదిలే ఫోటోల పిచ్చి పట్టుకుని ఉంది. కెమెరాను స్టాండుకు బిగించి చిన్న వీడియో తీయాలి. అందులో ఒక్కచోట తప్ప తక్కినదంతా కంప్యూటర్‌లో ఆపేయాలి. ఆ ఒక్కటీ మళ్ళీ మళ్ళీ కదులుతూ ఉంటుంది. మొదలూ చివరా అతుకు తెలియకుండా కలపడమే అసలు తంటా. కదలకుండా కూర్చోవడంలో మామయ్యగారిని మించినవారు నాకెక్కడ దొరుకుతారు!

ఆదివారం ఎల్బే నది ఒడ్డున బెంచీమీద కూర్చోబెట్టాను.

"మామయ్యగారూ, మీ వెనక నది ఒక్కటే కదలాలి. ఇరవై సెకన్లు ఇలాగే ఉండండి."

"ఆయ్, అలాగేనండి అల్లుడుగారూ. ఊపిరి పీల్చుకోవచ్చాండీ?"

నేను చెప్పకుండానే సరిగ్గా ఇరవైకి లేచారు.

ఇంటికొచ్చి వీడియో చూస్తే ఒళ్ళు మండింది. మనిషంతా రాయే, కానీ మోకాలిమీద కుడిచేతి బొటనవేలు కణుపు కణుపుకీ నడుస్తోంది. సెకన్లు లెక్కపెడుతున్నారు! కుక్కర్ కూతలైనా, ట్రామ్ స్టాపులైనా ఆయన లెక్క వేళ్ళ కణుపులమీదే. నాలుగు వేళ్ళకూ కలిపి పన్నెండు, ఆపైన మళ్ళీ చిటికెనవేలికి.

వేలిని ఆపేద్దామని మౌస్ పట్టుకున్నాను. పక్కన నిలబడి చూస్తున్న మా ఆవిడ నా చెయ్యి లాగేసింది.

"దాన్ని ముట్టుకోకండి. మా నాన్న ఉన్నదే అక్కడ."

నదిని ఆపేసి వేలిని వదిలేశాను. పన్నెండో కణుపు దగ్గర అతుకు నాకే కనబడలేదు.

బుధవారం సాయంత్రం మామయ్యగారికి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోలోని వేలితోపాటు తన వేలూ కదుపుతూ కాసేపు లెక్కపెట్టారు.

"ఇరవై ఎప్పుడో దాటేసిందండీ. ఇంకా ఎంతసేపు కూర్చోవాలండీ అల్లుడుగారూ?"

"అలాగే ఉండిపో నాన్నా, కదలకు," అంది మా ఆవిడ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ.